ఆకు అడుగున ఒక లెక్క

శ్రోతలకు నమస్కారం.

నేను చెప్పే పాఠం గణితం. మొన్న తాడికొండ వైపు ఒక రైతు తన పత్తి చేలో ఆకు తిప్పి చూపించారు. అడుగున పేనుబంక. చెయ్యి పెడితే జిగట. ఆ గుంపు నడుమ నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి పిల్లను చిన్నది చేసినట్టు ఒక పురుగు.

"మాస్టారూ, దీనికి ఏ మందు కొట్టాలి?"

అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకే దాని తిండి.

ఈ తినేవాటికీ తినబడేవాటికీ మధ్య లెక్క ఇటలీలో చేపల సంతలో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేట తగ్గితే, ఏడ్రియాటిక్ సముద్ర తీరపు సంతల్లో సొరచేపల వంటి వేటాడే చేపల వాటా పెరిగింది. ఎందుకని? జీవశాస్త్రవేత్త ఉంబెర్టో డాంకోనా ఈ సందేహాన్ని కాబోయే మామగారు, గణితవేత్త వీటో వోల్టెరా ముందు పెట్టారు. మామగారు 1926లో సమీకరణాలతో జవాబిచ్చారు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా అంతకు ఏడాది ముందే అవే సమీకరణాలు రాశారు.

వాటిని మన పత్తి చేలోకి తెద్దాం. అక్కడ రెండు రకాల చేపల్నీ పట్టే వల, ఇక్కడ రెండు రకాల పురుగుల్నీ చంపే మందు. అంకెలు నేను అనుకున్నవి. రోజుకు నూటికి 10 అక్షింతల పురుగులు చనిపోతున్నాయి. ఆ లోటు పూడేంత సంతానం కలగాలంటే, మొక్కకు సగటున 100 పేనుబంక పురుగులు తిండిగా ఉండాలి. ఇప్పుడు మందు కొట్టాం. చావులు నూటికి 15 అయ్యాయి. లోటు పెరిగింది కాబట్టి తిండీ పెరగాలి. పేనుబంక సగటు 150 దగ్గరకు వెళ్లి ఆగుతుంది. మందు పేనుబంకనూ చంపింది కదా అంటారు. చంపింది. కానీ ఈ సమీకరణంలో ఆ చావులు తగ్గించేది అక్షింతల పురుగుల సగటునే. నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

కాలిఫోర్నియా నారింజ తోటల్లో ఇది కళ్లారా చూశారు. 1888-89లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన ఒక అక్షింతల పురుగు అక్కడి పొలుసు పురుగును అణిచింది. 1940లలో డీడీటీ అనే పురుగుమందు చల్లితే ఆ మిత్రుడు చచ్చి, పొలుసు పురుగు మళ్లీ విజృంభించింది.

అయితే సమీకరణానికి గాలివాన తెలియదు, పక్క చేను తెలియదు. మందు మిత్ర పురుగును వదిలి చీడనే చంపేదైతే లెక్క మారిపోతుంది.

ఆ రైతుకు ఇదంతా చెప్పలేదు. ఆ పిల్లను పేనుబంక ఉన్న ఆకుతో సహా అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాను. మర్నాడు ఫోను చేశారు.

"పేనుబంక కనిపించడం లేదండీ. ఆ పురుగు మాత్రం బాగా లావెక్కింది. చేలో వదిలేయనా?"