చావింట్లో ఆ మాట అనకండి

ప్రభువు పేరిట అందరికీ వందనాలు. పెద్దలందరినీ పేరుపేరునా పలకరిస్తే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది, ఏమీ అనుకోకండి.

దేవుని ఏర్పాటు, మనిషి స్వేచ్ఛ, మారుమనస్సు. ఇదీ అంశం. ఏర్పాటు అంటే, ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే ఎన్నుకోవడం. ఫిలిప్పీ 2వ అధ్యాయం తీయండి. 12వ వచనంలో మీ రక్షణను మీరే కొనసాగించుకోండి అంటాడు పౌలు, 13లో ఆ ఇష్టాన్ని కూడా మీలో పుట్టించేది దేవుడే అంటాడు. రెండూ పక్కపక్కనే పెట్టి వెళ్ళిపోయాడు.

దీనిమీదే నెదర్లాండ్స్‌లో డోర్ట్ అనే ఊళ్ళో సంఘ పెద్దల సభ జరిగింది, 1618 నుంచి 1619 వరకు. దేవుని కృపను మనిషి కాదనగలడని అక్కడి వేదపండితుడు అర్మీనియస్ అనుచరులు 1610లోనే రాసిచ్చారు. సభ దాన్ని తోసిపుచ్చింది, ఒప్పుకోని బోధకుల కొలువులు పోయాయి. ఆ తర్వాత ఇదే విషయమై వాదించుకున్న ఇంగ్లండు బోధకులు వెస్లీ, విట్‌ఫీల్డ్‌ల దాకా వద్దామనుకున్నాను గానీ, ఉండండి, ఒక సంగతి చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు.

ఈమధ్య ఒక భూస్థాపన కూడికకు వెళ్ళాను. తాగుడుతో పోయిన కుర్రాడు. పెట్టె మూత ఇంకా వేయలేదు, తల్లి ఆ అంచు పట్టుకుని, "అయ్యగారూ, ఆస్పత్రిలో ప్రభువా, ప్రభువా అన్నాడండీ" అంటోంది. ఆ సేవకుడు అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "ఏర్పాటులో ఉంటే ఇలా బతికేవాడు కాదమ్మా." ఎవరు చెప్పమన్నారండీ ఆ మాట? ఏర్పాటులో ఉన్నవాళ్ళ పేర్లు ఈయనకెవరు చూపించారు?

ఆ డోర్ట్ సభే, అంత కఠినమైన సభే, తన తీర్మానాల్లో ఏం రాసిందో వినండి. విశ్వాసం ఒప్పుకుని సక్రమంగా నడిచేవాళ్ళ గురించి మంచిగానే తలచాలి, ఎందుకంటే గుండె లోపలి సంగతి మనకు తెలియదు. ఇంకా పిలుపు అందనివాళ్ళ కోసం ప్రార్థించాలి, వాళ్ళ దగ్గర గర్వం చూపకూడదు. ఏర్పాటును నమ్మినవాళ్ళు రాసుకున్న మాటలండీ ఇవి!

మన ఒంగోలు సంగతే చూడండి. కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో జనానికి కూలి ఇప్పించాడు, అయినా కూటికోసం వస్తున్నారేమోనని బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగేముందు మారుమనస్సు ఉందా అని అడిగారు గానీ, నువ్వు ఏర్పాటులో ఉన్నావా అని ఎవర్నీ అడగలేదు. అడిగితే ఎవరు చెప్పగలరు? యేసు పక్కన సిలువ మీది దొంగకు మాత్రం తెలుసా? నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు, అంతే.

వెనక కూర్చున్న బైబిల్ కాలేజీ తమ్ముళ్ళూ, రేపు మీరూ చావిళ్ళకు వెళ్తారు. అక్కడ ఏర్పాటు గురించి నోరెత్తకండి, దణ్ణం పెట్టి అడుగుతున్నాను. కీర్తన పాడండి, ప్రార్థన చేయండి, ఆ ఇంటివాళ్ళతో కాసేపు కూర్చోండి. డోర్ట్ గురించి అడగాలనుకున్నవాళ్ళు భోజనాలయ్యాక రండి, ఎంతసేపైనా మాట్లాడుకుందాం.