డెంటల్ హైజీనిస్టులూ, క్లినిక్ బయట మీకు ఏం పనులున్నాయి?

నమస్తే. ఇవాళ్టి వీడియో డెంటల్ హైజీనిస్టుల కోసం. పళ్ల గార తీసే పనిలో కొన్నేళ్లు గడిచాక చాలామంది ఒకే మాట అంటారు: "మెడ నొప్పి, మణికట్టు నొప్పి. ఇక నావల్ల కాదు. కానీ నాకు వచ్చింది ఈ పనొక్కటే కదా!"

నొప్పి మాట నిజమే. మెడ పక్కకు వంచి, గార గీకే సన్నటి పరికరం, స్కేలర్‌ని వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, అదే కదలికను రోజంతా చేస్తే మెడా భుజాలూ పట్టేయడం ఈ వృత్తిలో మామూలే. సీటు ఎత్తు మార్చుకోండి, లూప్స్, అంటే దగ్గరి వస్తువుల్ని పెద్దగా చూపించే కళ్లద్దాలు, వాడి చూడండి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి. వేరే దారి వెతకడం కూడా అప్పుడే మొదలుపెట్టండి. చెయ్యి పూర్తిగా మొరాయించాక వెతికితే దొరికిందల్లా పట్టుకోవాల్సి వస్తుంది.

ఇక "వచ్చింది ఈ పనొక్కటే" అన్న మాట. దీంతో నేను అస్సలు ఒప్పుకోను.

మీరు రోజూ చేసే పనే చూడండి. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల ప్రోబ్, అంటే కొలత గీతలున్న సన్నటి పుల్ల, చిగురులోకి దించుతారు. 32 పళ్లుంటే 192 కొలతలు. చిగురు ఎక్కడ ఎంత లోతుగా వదులైంది, ఎక్కడ రక్తం కారింది, ఎక్స్‌రేలో ఎముక ఎంత తగ్గింది, అన్నీ కలిపి చదువుతారు. చూసేవాళ్లకి క్లీనింగే కనిపిస్తుంది. అసలు విద్య ఈ చదవడంలో ఉంది.

ఇన్సూరెన్స్ కంపెనీలకి కావాల్సింది సరిగ్గా ఇదే. ఒక క్లెయిమ్ వచ్చిందనుకోండి. నోరంతా రూట్ ప్లేనింగ్, అంటే చిగుళ్ల కింద పంటి వేర్ల మీది గార గీకి తీయడం, చేశామని బిల్లు. చార్ట్ తిప్పితే కొలతలన్నీ 2, 3 మిల్లీమీటర్లు, అంటే చిగుళ్లు బాగానే ఉన్నట్టు. ఎక్స్‌రేలో ఎముక చెక్కు చెదరలేదు. మరి రూట్ ప్లేనింగ్ దేనికి? మీకు ఈ అనుమానం చూడగానే వస్తుంది. పంటి సంగతి తెలియని ఉద్యోగికి రాదు. టూత్‌పేస్టులు, మౌత్‌వాష్‌ల మీద జరిగే క్లినికల్ పరిశోధనల్లోనూ అంతే. అదే పంటిని మళ్లీ కొలిచినా అదే అంకె చెప్పగలిగే చెయ్యి వాళ్లకి కావాలి. అందుకు ముందుగా శిక్షణ ఇచ్చి, ఇద్దరు ముగ్గురి కొలతలు కలుస్తున్నాయో లేదో సరిచూస్తారు కూడా.

నన్నడిగితే ఎక్కువ అవసరం ఉన్నదీ, తక్కువ మంది వెళ్తున్నదీ మంచం పట్టిన పెద్దవాళ్ల దగ్గరికి. నోట్లో పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా మింగుడు సరిగా పడనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. వాళ్లని చూసుకునే సిబ్బందికి ఇది చెప్పేవాళ్లు తక్కువ. తల కాస్త ఎత్తుగా పెట్టి, మొహం పక్కకి తిప్పి, తక్కువ నీళ్లతో బ్రష్ చేయించడం, రాత్రి కట్టుడు పళ్లు తీసి కడిగి పెట్టడం... మీకివి చిన్న విషయాలే, వాళ్లకి ఎవరో ఒకరు చేసి చూపించాలి.

క్లినిక్ బయట పనిచేయడం కొత్త ఆలోచన కూడా కాదు. 1913లో అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే డెంటిస్ట్ హైజీనిస్టులకి శిక్షణ మొదలుపెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లలో చాలామంది వెళ్లింది ఆ ఊరి బడుల్లోకి, పిల్లల పళ్లు శుభ్రం చేయడానికీ, బ్రష్ చేయడం నేర్పడానికీ. అంటే ఈ వృత్తి పుట్టిన కొత్తలోనే క్లినిక్ గడప దాటింది!

కాకపోతే డెంటిస్ట్ పర్యవేక్షణ లేకుండా మీరు ఏం చేయొచ్చన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కాలిఫోర్నియాలో బడులు, వృద్ధాశ్రమాలు, ఇల్లు కదలలేనివాళ్ల కోసం పనిచేసే హైజీనిస్టులకి ప్రత్యేక లైసెన్సే ఉంది. బ్రిటన్‌లో 2013 నుంచి పేషెంట్లు నేరుగా హైజీనిస్ట్ దగ్గరికి వెళ్లే వీలుంది. మీ దగ్గర రూల్ ఏంటో కనుక్కోకుండా సొంతంగా మొదలుపెట్టకండి.

ఎవరిని అడిగినా ముందు సేల్స్ ఉద్యోగం చెప్తారు. స్కేలర్ యంత్రాలు, పరికరాలు అమ్మే కంపెనీల్లో. జీతం బాగుండొచ్చు, ఆ యంత్రం చేతిలో ఎలా ఉంటుందో మీకు తెలుసు కాబట్టి డెంటిస్టులు వింటారు కూడా. కానీ టార్గెట్ల టెన్షన్, ఊళ్లు తిరగడం పడనివాళ్లు ఆరు నెలల్లో మళ్లీ క్లినిక్ వైపే చూస్తారు. ఇంటర్వ్యూలో టార్గెట్ ఎంత, నెలలో ఎన్ని రోజులు ప్రయాణం అని మొహమాటం లేకుండా అడగండి. టీచింగ్, స్టెరిలైజేషన్ శిక్షణ లాంటివీ ఉన్నాయి. టీచింగ్‌కైతే చాలాచోట్ల ఇంకో డిగ్రీ అడుగుతారు.

రెజ్యూమెలో "పళ్లు శుభ్రం చేస్తాను" అని ఒక్క ముక్కలో రాయకండి. చార్టింగ్ చేస్తాను, ఎక్స్‌రే తీస్తాను, ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసుకుంటాను, భయపడే పేషెంట్‌కి నచ్చజెప్తాను అని విడివిడిగా రాయండి. ఉన్న ఉద్యోగం ఒక్కసారిగా మానేయకుండా, వీలైతే వారంలో రోజులు తగ్గించుకుని కొత్త పని చేసి చూడండి. లైసెన్స్ రెన్యువల్ మాత్రం ఆపొద్దు. పైన చెప్పిన పనుల్లో కొన్నిటికి అది అడుగుతారు, ఒకసారి పోయాక తిరిగి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి.