లాప్‌టాప్ కొనేముందు కౌంట్ అడగండి

నమస్కారమండీ. భీమవరం నుంచి మాట్లాడుతున్నాను. నేనిక్కడ ఓ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. సీట్లు వచ్చే రోజులు కదా, ఈ నెలలో నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "షోరూమ్‌లో ఉన్నాం, ఇది తీసుకోమంటున్నారు, తీసుకోమంటారా?" అందుకే ఈ వీడియో.

మా బాబాయికి ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పట్టుబడి రోజు గట్టు మీదకి వచ్చిన కొనుగోలుదారు నలభై కౌంట్ రొయ్యని, అంటే కిలోకి నలభై తూగేదాన్ని, నలభై ఐదు అన్నాడంటే, బాబాయి మళ్లీ కాటా పెట్టించి ఒక్కొక్కటీ లెక్కపెట్టిస్తాడు. అంత గట్టి మనిషి. 2023 ఆగస్టులో మా చెల్లికి ఇంజినీరింగ్ సీటు వచ్చిందని ఓ పెద్ద షోరూమ్‌కి వెళ్లి, పావుగంటలో అరవై ఎనిమిది వేలు కట్టి లాప్‌టాప్ తెచ్చేశాడు. "ఐ7 అంట, అన్నిటికన్నా పెద్దదంట" అని మురిసిపోయాడు.

పెట్టె తిరగేసి చూశాను. ప్రాసెసర్, అంటే లాప్‌టాప్‌కి మెదడు లాంటి చిప్, ఐ7-10510యూ. లేబుల్ మీద తయారైన సంవత్సరం 2021. ఆ ప్రాసెసర్ వచ్చిందేమో 2019లో, దానికి ఉన్నవి నాలుగు కోర్లు, అంటే లోపల పనిచేసే భాగాలు. చెల్లి చెప్పింది, పక్క టేబుల్ మీదే ఐ5-1235యూ ఉందట, తొమ్మిది వేలు తక్కువట. అది 2022లో వచ్చింది, పది కోర్లు. బాబాయి కూడా దాన్ని చూశాడట. "అది ఐ5 అండి, కింద రకం" అన్నాడట కుర్రాడు.

కుర్రాడు అబద్ధం చెప్పాడా అంటే, చెప్పలేదు. అది ఐ7నే. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. షోరూమ్‌లో మనకి చెప్పేవాటిలో పచ్చి అబద్ధాలు తక్కువే ఉంటాయి. నిజాల్లోంచి అమ్మకానికి పనికొచ్చే ముక్కే చెబుతారు. ఐ7 అనడం వట్టి "రొయ్యలండీ" అనడం లాంటిది. కౌంట్ ఎంత? అది చెప్పకుండా రేటు ఎలా మాట్లాడతాం?

ఇంకో సంగతి. మీ దగ్గరికొచ్చి నవ్వుతూ పలకరించే ఆ కుర్రాడు షోరూమ్ మనిషే కానక్కర్లేదు. చాలా కంపెనీలు తమ తరఫున మనుషుల్ని అక్కడ నిలబెడతాయి. చొక్కా మీద ఏ కంపెనీ బొమ్మ ఉందో ఒకసారి చూడండి. ఆ చొక్కా వేసుకున్న మనిషి పక్క కంపెనీ సరుకు బాగుందని చెప్పడు. అతని టార్గెట్ అతనికి ఉంటుంది. పొద్దున్నించి రాత్రి దాకా నిలబడే ఉంటారు, మన ఊళ్ల పిల్లలే. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట మీద అరవై వేలు పెట్టకండి.

సరే, కౌంట్ ఎలా చూడాలి? ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి.

ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఐ3, ఐ5, ఐ7 తర్వాత ఒక నంబర్ ఉంటుంది, చివర ఒక అక్షరం. ఆ నంబర్ 1తో మొదలైతే మొదటి రెండంకెలూ కలిపి చదవండి. 10510 అంటే పదో తరం. 1235 అంటే పన్నెండో తరం. వేరే అంకెతో మొదలైతే ఆ ఒక్కటే: 8250 అంటే ఎనిమిదో తరం. చివర యూ ఉంటే కరెంటు తక్కువ తాగేది, హెచ్ ఉంటే బరువు పనులకి. సీఎస్‌ఈ పిల్లలకి మొదటి రెండేళ్లు యూ చక్కగా సరిపోతుంది. మెకానికల్, సివిల్ వాళ్లు త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు వాడతారు కాబట్టి హెచ్ వైపు చూడొచ్చు.

2023 డిసెంబర్ నుంచి ఇంటెల్ పేర్లు మార్చింది. ఇప్పుడు ఐ తీసేసి కోర్ 5, కోర్ 7 అంటున్నారు, కోర్ అల్ట్రా 5 అని ఇంకో వరస ఉంది. కోర్ 5 వేరు, కోర్ అల్ట్రా 5 వేరు. "రెండూ ఒకటేనండీ, పేరే తేడా" అంటే నమ్మకండి.

ఇంకో ప్రాసెసర్ కంపెనీ ఏఎమ్‌డీది ఇంకా చిత్రం. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. రెండూ రైజెన్ 5 లే, రెండూ ఏడు వేల వరసే. ఇక్కడ చూడాల్సింది మూడో అంకె. 7520లో మూడో అంకె 2, అంటే లోపలున్నది జెన్ 2 డిజైన్, 2019 నాటిది. నాలుగు కోర్లు. 7530లో 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. స్టిక్కర్ మీద మాత్రం రెంటికీ రైజెన్ 5 అనే ఉంటుంది. స్టిక్కర్ చూసి కొనడమంటే సముద్రంలో పట్టిన ఇలస చేపని గోదావరి పులస రేటుకి కొన్నట్టే. వర్షాకాలంలో మన సంతల్లో జరిగేది మీకు తెలిసిందే, నేను చెప్పేదేముంది.

ఇప్పుడు షోరూమ్‌లో మీ చేత్తో చేయాల్సిన పని. డిస్‌ప్లేలో పెట్టిన లాప్‌టాప్ ముందు నిలబడి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్. ఎవరైనా "సార్, డెమో మెషీన్ ముట్టుకోకండి" అంటే, "యాభై వేలు పెట్టి కొనే వస్తువండీ, చూసుకోవాలి కదా" అనండి. మొహమాటం వద్దు. కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపి చూడమా?

మొదట సీపీయూ, అంటే ప్రాసెసర్, నొక్కండి. పైన కుడివైపు పూర్తి పేరు కనిపిస్తుంది, కింద కోర్లు ఎన్నో ఉంటుంది. ఫోటో తీసుకోండి, లాప్‌టాప్ మోడల్ నంబర్‌ది కూడా.

తర్వాత మెమరీ, అంటే ర్యామ్. ఎన్ని జీబీ అన్నది అందరూ చూస్తారు. మీరు కింద చిన్న అక్షరాలు చూడండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర రెంటిలో ఒకటి అని ఉంటే, రేపు ఇంకో ర్యామ్ ముక్క వేసుకోవచ్చు. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించేశారన్నమాట. అలాంటిచోట "ఇప్పటికి 8 జీబీ తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు" అన్నారంటే, ఎక్కడ పెంచుతారో చూపించమనండి. కొన్నిట్లో ఒకటి అతికించి, పక్కన ఒక ఖాళీ స్లాట్ ఇస్తారు. అది వేరే సంగతి. అందుకే ఆ మోడల్ వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో తెరిచి చదవండి, అక్కడే, అప్పుడే, ఫోన్లో.

ఇప్పుడు జీపీయూ, అంటే తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్. దీని మీద కాస్త ఆగుతాను. ఎందుకంటే నా దగ్గరికి ఎక్కువ మంది ఏడుపు మొహంతో వచ్చేది దీంతోనే. "ఇందులో 8 జీబీ గ్రాఫిక్స్ ఉందండి" అంటారు. టాస్క్ మేనేజర్‌లో కూడా 7.8 జీబీ అని కనిపిస్తుంది. చూపిస్తారు కూడా, చూడండి అని. కానీ ఆ లైను పక్కన ఏం రాసుంది? షేర్డ్ జీపీయూ మెమరీ. అంటే మీ 16 జీబీ ర్యామ్‌లోంచే అవసరమైతే సగం దాకా వాడుకోనిస్తానని విండోస్ చెబుతోంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఏమీ లేదు. మన పొలంలోంచే సగం మనకే కౌలుకిచ్చినట్టు.

నిజంగా కార్డు ఉంటే జీపీయూ 0, జీపీయూ 1 అని సాధారణంగా రెండు కనిపిస్తాయి, ఒకదాని పేరులో జీఫోర్స్ లాంటి మాట ఉంటుంది, డెడికేటెడ్ జీపీయూ మెమరీ దగ్గర 4 జీబీ, 6 జీబీ అని ఉంటుంది. ఆ డెడికేటెడ్ అన్న మాటే మీరు వెతకాల్సింది. ఆర్‌టీఎక్స్ 3050 అనే ఒక్క కార్డులోనే 4 జీబీది ఉంది, 6 జీబీది ఉంది. "3050 అండి" అంటే అక్కడా కౌంట్ అడగాలి.

డిస్క్ గురించి ఒక్క మాట చాలు. ఎస్‌ఎస్‌డీ అని ఉండాలి. 512 జీబీ కొంటే విండోస్‌లో 476 అనే చూపిస్తుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున. దీని కోసం షాపులో గొడవపడి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

లాప్‌టాప్ నచ్చింది, తీసుకుంటామన్నాం. అసలు వ్యాపారం అప్పుడు మొదలవుతుంది. బిల్లు కౌంటర్ దగ్గర.

"యాంటీవైరస్ వేయించుకోకపోతే వారంటీ రాదండి." ఇది మాత్రం పచ్చి అబద్ధం. కంపెనీ వారంటీకీ యాంటీవైరస్‌కీ సంబంధం లేదు. విండోస్ 10, 11 లో డిఫెండర్ అనే సొంత యాంటీవైరస్ ముందే ఉంటుంది, ఉచితం, చదువుకునే పిల్లలకి అది చాలు.

"ఆఫీస్ ఫ్రీ." ఏ ఆఫీస్? లైఫ్‌టైమ్ ఒకటి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365 ఒక సంవత్సరానికి ఇచ్చేది ఒకటి ఉంటుంది, ఏడాది తర్వాత మళ్లీ డబ్బు కట్టమంటుంది. మూడోది, పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించే దొంగ కాపీ. విండోస్ లేకుండా తక్కువ ధరకి అమ్మే లాప్‌టాప్‌లకి కూడా కొన్నిచోట్ల ఇదే చేస్తారు. విండోస్ సంగతి తేలాలంటే సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ తెరవండి. డిజిటల్ లైసెన్స్ అని ఉంటే సరే. మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా అని ఉంటే, ఏ ఆర్గనైజేషనో వాళ్లనే అడగండి. ఇంట్లో వాడుకునే లాప్‌టాప్‌కి ఆర్గనైజేషన్ ఏమిటి?

"మన సైడు ఓల్టేజ్ బాగోదండి, స్టెబిలైజర్ తీసుకోండి." ఇది వినగానే మనం తలూపేస్తాం, ఎందుకంటే ఓల్టేజ్ నిజంగానే బాగోదు. కానీ లాప్‌టాప్ అడాప్టర్ వెనక్కి తిప్పి చదవండి, ఇన్‌పుట్ 100 నుంచి 240 ఓల్టులు అని ఉంటుంది. కరెంటు 180కి పడిపోయినా అది పనిచేస్తుంది. స్టెబిలైజర్ ఫ్రిజ్‌కి కొనుక్కోండి. ఉరుములు మెరుపులు వస్తుంటే మాత్రం ప్లగ్ పీకేయండి, మా ల్యాబ్‌లో మేం చేసేదీ అదే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ చెడ్డదని నేననను. రెండు ప్రశ్నలు అడగండి. ఇచ్చేది లాప్‌టాప్ కంపెనీయా, వేరే ఎవరైనానా? స్క్రీన్ పగిలినా, టీ ఒలికినా వస్తుందా? మామూలు వారంటీలో అవి రావు, వాటికి యాక్సిడెంటల్ డ్యామేజ్ అని విడిగా ఉంటుంది. ఇంకొకటి, ఇది కోనసీమ లంకల్లో ఉండేవాళ్లు ముఖ్యంగా వినాలి. ఆన్‌సైట్ సర్వీస్ అంటే మనిషి మన ఇంటికొచ్చి బాగుచేస్తాడు. అది మీ పిన్‌కోడ్‌కి ఉందో లేదో కంపెనీ కస్టమర్ కేర్‌కి అక్కడి నుంచే ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే రేవు దాటి, బస్సెక్కి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాల్సింది మీరే.

నో కాస్ట్ ఈఎమ్ఐ. వడ్డీ లేని అప్పు ఎవరూ ఇవ్వరండీ. 2013 సెప్టెంబర్‌లోనే రిజర్వ్ బ్యాంకు ఈ సున్నా వడ్డీ పథకాలు వద్దని బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, వడ్డీ ఎంతో అంత డిస్కౌంట్‌గా ముందు తగ్గించి, తర్వాత వడ్డీ వేస్తారు. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ మీరే కడతారు. వడ్డీ మూడు వేలయితే జీఎస్టీ 540. పైన ప్రాసెసింగ్ ఫీజు. కాబట్టి ముందు ఈఎమ్ఐ మాటెత్తకుండా, "మొత్తం ఇప్పుడే కడితే ఎంతకిస్తారు?" అని అడగండి. ఆ రేటు తెలిశాకే ఈఎమ్ఐ గురించి మాట్లాడండి.

చివరిగా, బిల్లు వేయకముందే సీలు వేసిన పెట్టె తెప్పించి లేబుల్ చదవండి. తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ దాని మీద ఉండి తీరాలి, చట్టం అది. మోడల్ నంబర్ చివరి అక్షరం దాకా మీరు ఫోటో తీసుకున్నదానితో సరిపోవాలి. ఒకే రూపం, ఒకే పేరు, చివర రెండు అక్షరాలు తేడా, లోపల స్క్రీన్ వేరే, ర్యామ్ వేరే. బాబాయి ఈ పని చేసుంటే 2021 అన్నది అక్కడే కనబడేది.

జీఎస్టీ బిల్లు తీసుకోండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటే వద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. సరుకు లోపంతో వస్తే, బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అదీ తప్పే. ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. విజయవాడలో కొన్నా సరే, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. బాబాయి విషయంలో ఇవేవీ పనిచేయలేదు. లాప్‌టాప్‌లో లోపం లేదు మరి, పాతది, అంతే. చెల్లి ఇప్పటికీ దాంతోనే నెట్టుకొస్తోంది.

మీరు చూస్తున్న మోడల్ ఏదైనా ఉంటే కింద కామెంట్‌లో రాయండి, రాత్రి కూర్చుని జవాబులిస్తాను. ప్రాసెసర్ నంబర్ మొత్తం, చివరి అక్షరంతో సహా రాయాలి. "ఐ5 మంచిదేనా అన్నా" అని మాత్రం అడగకండి.