ముందు మాస్కు, ఆ తర్వాతే మిగతావి

సభకు నమస్కారం.

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. ఎక్కుతుంటే ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటాం. ఎగురుతున్న విమానం క్యాబిన్‌లో గాలి పీడనం పోయినప్పుడు ఆ హెచ్చరిక రాదు. ఊపిరాడడం లేదని ఒంటికి చెప్పేది ముఖ్యంగా రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్. పీడనం తగ్గితే అది ఎప్పటిలాగే బయటికి పోతుంది, ఆక్సిజన్ మాత్రమే అందదు. కాబట్టి ఉక్కిరిబిక్కిరి ఉండదు. హాయిగా ఉంటుంది, కొందరికి నవ్వొస్తుంది. ముందుగా దెబ్బతినేది మన తీర్పు. అది దెబ్బతిన్న సంగతి మనకే తెలియదు.

ప్రెషరైజ్డ్, అంటే లోపల గాలి పీడనం నిలిపి ఉంచే చిన్న విమానం 25,000 అడుగుల్లో ఎగురుతున్నా లోపల గాలి సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది. బయట పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 37 శాతమే, చలి మైనస్ 34 డిగ్రీలు. ఆక్సిజన్ లేకుండా సరిగా పనిచేయగల సమయం 25,000 అడుగుల్లో 3 నుంచి 5 నిమిషాలు, 30,000లో ఒకటి రెండు నిమిషాలు, 35,000లో నిమిషం లోపు. గాలి ఒక్కసారిగా పోతే ఇందులో సగమే అనుకోండి. ఊపిరితిత్తుల్లో పీడనం పడిపోగానే రక్తంలోని ఆక్సిజన్ వెనక్కి, ఊపిరితిత్తుల్లోకే వెళ్లిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 25,000 నుంచి, మాస్కు లేకున్నా ఊపిరి అందే 10,000కు దిగాలంటే 15,000 అడుగులు. మామూలుగా నిమిషానికి 1,000 అడుగులు దిగితే 15 నిమిషాలు పడుతుంది, అంతసేపు తెలివి మిగలదు. నిమిషానికి 4,000 దిగినా దాదాపు 4 నిమిషాలు. మాస్కు లేకుండా ఈ లెక్క కుదరదు.

అందుకే క్యాబిన్ ఆల్టిట్యూడ్ (లోపలి గాలి ఎంత ఎత్తులోని గాలిలా ఉందో చెప్పే లెక్క) హెచ్చరిక మోగగానే, 'సెన్సర్ తప్పేమో చూద్దాం' అనే ఆలోచన రాకముందే మాస్కు ముఖానికి రావాలి. మాస్కు రెగ్యులేటర్‌ను 100 శాతం ఆక్సిజన్‌లో పెట్టి, అది వస్తోందో లేదో చూసి, మైకు స్విచ్ మాస్కు వైపు తిప్పాలి. ఈ చివరిది మరిచిపోతే మీ మాట ఎవరికీ వినపడదు. ప్రయాణికుల మాస్కులు కిందికి జారేలా చేయండి. ఊపిరి బిగబట్టవద్దని వారికి ముందే చెప్పి ఉంచాలి. తర్వాత ఇంజిన్ పవర్ ఐడిల్‌కు (కనిష్ఠానికి) తెచ్చి, వెళ్తున్న దారి నుంచి పక్కకు తిరుగుతూ విమానం ముక్కు దించాలి. అద్దమో తలుపో దెబ్బతిందన్న అనుమానముంటే వేగం పెంచకూడదు. గేర్ (చక్రాలు), ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) ఎప్పుడు దించాలో మీ విమానం మాన్యువల్ చెబుతుంది, దాన్నే పాటించండి. రాడార్‌కు మన విమానాన్ని చూపే ట్రాన్స్‌పాండర్‌లో ఎమర్జెన్సీ కోడ్ 7700 పెట్టి, రేడియోలో ప్రమాద పిలుపు 'మేడే' మూడుసార్లు చెప్పి, దిగుతున్నామని చెప్పండి. అనుమతి అడగొద్దు.

ఈ మాట నొక్కి చెబుతున్నాను. 2014 సెప్టెంబరు 5న అమెరికాలో టీబీఎం 900 అనే చిన్న విమానం పైలట్ ఒకరు 28,000 అడుగుల్లో ఏదో సూచిక సరిగా లేదని చెప్పి, కిందికి దిగాలని అడిగారు. ఎమర్జెన్సీ ప్రకటించలేదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ముందు 25,000కే అనుమతించారు. ఆ విమానం ఎవరూ నడపకుండానే ఎగిరి ఎగిరి జమైకా దగ్గర సముద్రంలో పడింది. అందులో ఉన్న ఇద్దరూ పోయారు. మేడే అని ఉంటే చుట్టుపక్కల విమానాలను పక్కకు జరిపి దారిచ్చేవారు.

ఎంతవరకు దిగాలి? 10,000 అడుగులు, లేదా ఆ ప్రాంతానికి సురక్షితమైన కనీస ఎత్తు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. తిరుమల కొండ 2,800 అడుగుల చుట్టుపక్కల, హార్స్‌లీ హిల్స్ 4,100కు కాస్త పైన. మన దగ్గర ఇబ్బంది లేదు. కానీ కోయంబత్తూరు, కొచ్చి వైపు వెళ్లేవారు ఆనైముడి 8,842 అడుగులని గుర్తుంచుకోవాలి. కొండల మీద 2,000 అడుగుల ఎడం కావాలంటే అక్కడ 10,000 చాలదు.

పీడనం ఎందుకు పోతుంది? తలుపు చుట్టూ గాలితో ఉబ్బే రబ్బరు సీలు చిరగడం, లోపలి గాలిని బయటికి వదిలే ఔట్‌ఫ్లో వాల్వ్ దుమ్ము పట్టి తెరుచుకునే ఉండిపోవడం, పిస్టన్ ఇంజిన్లలో టర్బో నుంచి క్యాబిన్‌కు గాలి తెచ్చే గొట్టం క్లాంపు ఊడిపోవడం. ఇంకొకటి మనలాంటి ఎండల ఊళ్లకు సంబంధించింది. మే నెలలో ఇంజిన్ శక్తి మిగలాలని కొన్ని టర్బైన్ విమానాల్లో బ్లీడ్ ఎయిర్ (ఇంజిన్ నుంచి క్యాబిన్‌కు వచ్చే గాలి) ఆపి టేకాఫ్ చేస్తారు. పైకి వెళ్లాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతే క్యాబిన్ ఆల్టిట్యూడ్ కూడా విమానంతో పాటే పెరుగుతుంది. ఫట్‌మని పేలితే, పొగమంచు కమ్మితే ఎవరైనా మేల్కొంటారు. ఇలా మెల్లగా పోయేదే ఎక్కువ భయపెట్టేది. ఎక్కేటప్పుడు 10,000 దగ్గర ఒకసారి, పైన నిలిచాక మరోసారి, ఆ తర్వాత పావుగంటకోసారి క్యాబిన్ ఆల్టిట్యూడ్ గేజ్ చూడండి.

కిందికి దిగాక కీళ్లు నొప్పి పుట్టినా, తిమ్మిర్లెక్కినా డాక్టరుకు విమానం చేరిన ఎత్తు చెప్పాలి. రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టి ఉండొచ్చు.

రేణిగుంటలో విమానం ఆగి ఉన్నప్పుడే సిలిండర్ పీడనం, గొట్టం కలిపిన చోట్లు చూసుకోండి. ముఖానికి నూనె, క్రీము ఉండకూడదు, ఆక్సిజన్ తగిలితే మంట అంటుకోవచ్చు. గడ్డం దట్టంగా ఉంటే మాస్కు అంచు అతకదు. కళ్లజోడుతో, హెడ్‌సెట్‌తో, ఒక్క చేత్తో, 5 సెకన్లలో మాస్కు తగిలించుకోగలరేమో వాచీ పెట్టుకుని చూడండి.