కార్బన్ వెలగదండీ, అది పందిరి మాత్రమే

[స్క్రీన్ మీద: థైరాయిడ్ రిపోర్టు, టీఎస్‌హెచ్ వరస దగ్గరగా]

ఇంట్లో థైరాయిడ్ రిపోర్టు ఉంటే ఒకసారి తీయండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్) పక్కనో కిందో చిన్నక్షరాల్లో ‘ఈసీఎల్ఐఏ’ (కరెంటుతో వెలుగు పుట్టించి కొలిచే పరీక్ష) అని ఉందా? ఉంటే ఆ హార్మోన్‌ను వెలుగుతో లెక్కగట్టారన్నమాట. లేజర్ కొట్టలేదు, దీపం వేయలేదు. కరెంటు ఇస్తే రసాయనమే వెలిగింది. బయటి వెలుతురు అసలు లేదు కాబట్టి, కాస్త మినుకుమన్నా మిషన్‌కి దొరికిపోతుంది.

ఇక్కడిదాకా అందరూ బాగానే చెబుతారు. దీనికి కార్బన్ నానోట్యూబులు (కంటికి కనపడనంత సన్నని కార్బన్ గొట్టాలు) జోడిస్తారనగానే మాత్రం ‘కార్బన్ మెరిసి రోగాన్ని పట్టేస్తుంది’ అని మొదలెడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

సొరపాదు పందిరిని తలుచుకోండి. కాయలు కాసేది పాదు, పందిరి కాదు. కానీ పందిరే లేకపోతే అంత చిన్న చోట ఎన్ని తీగలు పాకుతాయి? మన నేల 3 మిల్లీమీటర్ల ఎలక్ట్రోడ్, అంటే కరెంటు ఇచ్చే బిళ్ల. పందిరి కర్రలు నానోట్యూబులు. కాయ రుథేనియం, అంటే వెలిగే లోహ సమ్మేళనం. రక్తంలో వెతికే ప్రొటీన్‌కు అది యాంటీబాడీ (ఆ ప్రొటీన్‌నే పట్టుకునే అణువు) ద్వారా అంటుకుంటుంది, కాబట్టి ఎంత ప్రొటీన్ ఉంటే అంత వెలుగు. పైగా ఈ పందిరికి ఒక సుగుణం ఉంది: కర్రల్లోంచే కరెంటు పైదాకా పారుతుంది.

మరి వెలుగు ఎలా? 1.2 వోల్టుల దగ్గర రుథేనియం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది. పక్కనున్న ట్రైప్రొపైలమీన్, అంటే టీపీఏ, తనూ ఒకటి వదిలి, ప్రోటాన్ కూడా పోయాక, మిగిలిన ఎలక్ట్రాన్‌ను ఎవరికైనా అంటగట్టే రాడికల్ అవుతుంది. అది రుథేనియానికి అంటగట్టిన ఊపులో 620 నానోమీటర్ల దగ్గర నారింజ వెలుగు వస్తుంది. రుథేనియం మళ్లీ మొదటికొస్తుంది, మళ్లీ వెలుగుతుంది. ఖర్చయ్యేది టీపీఏ ఒక్కటే.

ఇప్పుడు పీఎస్ఏ, అంటే ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్, తీసుకుందాం. ఆపరేషన్‌లో ప్రోస్టేట్ తీసేశాక మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు దాటితే క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని చూస్తారు. మన చిన్న ఎలక్ట్రోడ్ మీద అంత తక్కువ పట్టాలంటే పందిరి సాయం కావాలి.

ఎలక్ట్రోడ్‌ను 0.3, ఆ తర్వాత 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడితో అద్దంలా రుద్ది కడగండి. ఆమ్లంలో ఉంచి కార్బాక్సిల్ (యాంటీబాడీ అతుక్కునే కొక్కెం) తగిలించిన నానోట్యూబులు 1 మిల్లీగ్రాము, డీఎంఎఫ్ అనే ద్రావణి 1 మిల్లీలీటరు, శబ్ద తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో అరగంట. తగ్గిస్తే ట్యూబులు విడవవు. అది పందిరి కాదు, కట్టెల మోపు. గంటల తరబడి పెడితే కర్రలే విరుగుతాయి. ఆమ్లంలో అతిగా నానబెట్టినా కరెంటు పారడం తగ్గుతుంది.

[దగ్గరి షాట్: ఎలక్ట్రోడ్ మీద నల్లటి బొట్టు]

ఇది 5 మైక్రోలీటర్ల బొట్టు. అంచు ముందు ఆరితే నలుపంతా అంచుకు చేరి, కాఫీ గ్లాసు అడుగు మరకలా వలయం కడుతుంది, నడుమ బోసిగా మిగులుతుంది. అందుకే పైన చిన్న బీకరు బోర్లించి నెమ్మదిగా ఆరనివ్వాలి.

‘ఇంకో బొట్టు వేస్తే ఇంకా వెలుగు’ అనుకుంటారు చూడండి, అదే పెద్ద పొరపాటు. పందిరి మరీ దట్టమైతే కింద చీకటే. కార్బన్ నల్లనిది, పుట్టిన వెలుగును తానే మింగుతుంది. లోపలికి టీపీఏ సరిగ్గా చేరదు. ఆరాక పొర బీటలిచ్చి, కడిగేటప్పుడు పెచ్చులుగా ఊడొస్తుంది.

టైమవుతోంది, మిగతాది చకచకా. యాంటీబాడీని కర్రకు అతికించే ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ రసాయనాలతో అరగంట, ఆపై పీఎస్ఏను పట్టే యాంటీబాడీ. తర్వాత ఖాళీలను కప్పే ప్రొటీన్, 1 శాతం బీఎస్ఏ, ఇది మాత్రం ఎగ్గొట్టొద్దు. ఖాళీ కర్రల మీద కలుపు తీగలు పాకినట్టు రక్తంలోని వేరే ప్రొటీన్లు ఎక్కేస్తాయి, పీఎస్ఏ లేని శాంపిల్ కూడా వెలుగుతుంది. ఇప్పుడు సీరం, దాని మీద రుథేనియం కట్టిన రెండో యాంటీబాడీ. ప్రతి అంచె తర్వాతా 0.05 శాతం ట్వీన్ 20 అనే సబ్బులాంటి ద్రవంతో మూడు కడుగుళ్లు. చివరికి పీహెచ్ 7.5 బఫర్‌లో టీపీఏ, సున్నా నుంచి 1.3 వోల్టులు, ఎదురుగా వెలుగును కొలిచే ఫోటోమల్టిప్లయర్, చుట్టూ చీకటి డబ్బా.

కార్బన్ డాట్లు, కార్బన్ నైట్రైడ్ లాంటి వేరే కార్బన్ పదార్థాలు నిజంగానే వెలుగుతాయి కదా అని కామెంట్ పెట్టేవాళ్లకు: అవును, అక్కడ పందిరే కాయ కాస్తుంది. దానికి వేరే వీడియో.

ఇంకొక్కటి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు రక్తం ఇచ్చేముందు ల్యాబ్‌లో చెప్పండి. ఆస్పత్రుల్లోని ఈసీఎల్ఐఏ మిషన్లు చాలావరకు యాంటీబాడీని బయోటిన్‌తోనే పూసకు కడతాయి, మాత్రలోది అడ్డొస్తే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. మన పందిరికి ఆ గొడవ లేదు, యాంటీబాడీని నేరుగా కర్రకే కట్టేశాం.