మొక్కల ట్యాంకులో ఏ సిక్లిడ్ వేయాలి? ముందు అది గుడ్లు ఎక్కడ పెడుతుందో అడగండి

[తెర మీద: రెండడుగుల మొక్కల ట్యాంక్. ఎనిమిది కార్డినల్ టెట్రాలు (గుంపుగా తిరిగే చిన్న చేపలు) పైన ఒక మూలన నక్కి ఉన్నాయి. కింద కొబ్బరి చిప్ప ముందు క్రిబెన్సిస్ జంట.]

ఈ ట్యాంక్ చూడండి. మొన్న రాత్రి వరకు ఈ టెట్రాలు హాయిగా ట్యాంకంతా తిరిగాయి. పొద్దున లేచి చూస్తే అన్నీ ఫిల్టర్ పైపు వెనక్కి చేరాయి. నీళ్ళు పాడయ్యాయేమోనని టెన్షన్ పడి, టీ కూడా తాగకుండా సగం నీళ్ళు మార్చేశాను. నీళ్ళకేం కాలేదు. ఆ కొబ్బరి చిప్పలో ఆడ క్రిబ్, అంటే సిక్లిడ్ కుటుంబానికి చెందిన క్రిబెన్సిస్ చేప, గుడ్లు పెట్టింది. రాత్రికి రాత్రే రెండడుగుల ట్యాంకంతా ఆ దంపతుల పేరు మీద రిజిస్టర్ అయిపోయింది.

కొనేటప్పుడు నేను షాపులో అడిగింది ఒక్కటే: "ఇది మిగతావాటిని కొడుతుందా?" "కొట్టదన్నా, చాలా సాఫ్ట్" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. మామూలు రోజుల్లో కొట్టదు. కానీ సిక్లిడ్లు గుడ్లు పెట్టి వాటి దారిన అవి పోయే రకం కాదు. గుడ్లను, పిల్లలను కాపలా కాస్తాయి. గొడవలు ఎక్కువగా ఆ కాపలాలోనే మొదలవుతాయి. అందుకే ఇప్పుడు నేను అడిగే ప్రశ్న వేరు. ఇది గుడ్లు ఆకు మీద పెడుతుందా, గుహలో పెడుతుందా, ఇసుకలో గుంట తీసి పెడుతుందా? అది తెలిస్తే ఏ మొక్క వేయాలో, పక్కన ఏ చేప ఉండగలదో చాలావరకు తేలిపోతుంది.

[తెర మీద: ఆస్కార్ చేప నోటితో గులకరాళ్ళు తీసి పక్కన పోస్తోంది.]

ముందు కొన్నిటిని పక్కన పెట్టేద్దాం. షాపులో రెండంగుళాలుండే ఆస్కార్ పిల్ల అడుగు పొడవు దాకా పెరుగుతుంది. ఇసుక తవ్వుతుంది, మొక్కల్ని పీకుతుంది, నోట్లో పట్టిన చేపనల్లా మింగుతుంది. అదృష్టం తెస్తుందని కొనే ఫ్లవర్‌హార్న్ మనుషులు సృష్టించిన సంకరజాతి. దానికి ఒంటరి ట్యాంకే దిక్కు. పసుపు, నీలం రంగుల్లో మెరిసే మలావీ సరస్సు చేపలు అందంగానే ఉంటాయి. కాకపోతే వాటిలో చాలా రకాలు రాళ్ళ మీద పాచి గీక్కుని బతికేవి, లేత ఆకులు వాటికి కూరాకు కిందే లెక్క. పైగా వాటికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 చుట్టుపక్కల ఉండే, ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్ళు కావాలి. మనం కలపాలనుకునే టెట్రాలది పూర్తిగా వేరే ఊరి నీళ్ళు.

ఇక పనికొచ్చేవి. క్రిబెన్సిస్‌తోనే మొదలుపెడతాను, ఎలాగూ మన కథ దానిదే. దీని సొంతూరు నైజీరియా ప్రాంతపు నదులు. మగది నాలుగంగుళాల లోపే. ఆడది ఇంకా చిన్నది, గుడ్ల కాలంలో దాని పొట్ట పండిన చెర్రీలా ఎర్రబడుతుంది. గుహలో గుడ్లు పెడుతుంది. గుహ కోసం కాస్త ఇసుక తోడుతుంది కానీ మొక్కల్ని నమిలే అలవాటు పెద్దగా లేదు. మన బోరు నీళ్ళ లాంటి గట్టి నీటికీ చాలావరకు సర్దుకుపోతుంది. మరి చిక్కెక్కడ? అడుగునే తిరిగే కోరీడోరాస్‌తో. కోరీలకు సరిహద్దులు తెలియవు. రాత్రిపూట నేల వాసన చూసుకుంటూ నేరుగా గుహ ముందుకే వెళ్తాయి, దెబ్బలు తింటాయి. క్రిబ్ జంట ఉన్న చిన్న ట్యాంకులో నేనైతే కోరీలు వేయను. పై నీళ్ళలో తిరిగే చేపలు చాలు, అదీ మూడడుగుల ట్యాంకులో. అంత పొడవుంటే వాటికి పారిపోవడానికి చోటుంటుంది.

అపిస్టోగ్రామాలు కూడా గుహ రకమే, ఇంకా చిన్నవి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి, ఒక్కోదానికి ఒక్కో గుహ. గుడ్లు పెట్టిన ఆడది పసుపు ముద్దలా మారి, తనకంటే పెద్దదైన మగదాన్నే తరుముతుంది. చూడ్డానికి భలే ఉంటుంది, మగదానికి దాక్కునే పొదలు ఉన్నంత వరకు. వీటిలో మొదటిసారికి కాకటూయిడిస్ మంచిది, నీళ్ళ విషయంలో కాస్త ఓర్పున్న రకం.

[తెర మీద: చదును రాయి మీద గుడ్లకు రెక్కలతో విసురుతున్న ర్యామ్ జంట.]

అందరికీ కావాల్సింది ర్యామ్. జర్మన్ బ్లూ ర్యామ్ అంటారు గానీ జర్మనీకీ దీని పుట్టుకకూ సంబంధం లేదు. ఇది వెనిజులా, కొలంబియాల్లోని ఒరినోకో గడ్డి మైదానాల చేప. చదును రాయి మీదో, ఇసుకలో చిన్న గుంట తీసో గుడ్లు పెడుతుంది. వేరు పట్టిన మొక్క జోలికి పోదు. నేలంతా పరుచుకునే చిన్న మొక్కలైతే ఆ గుంట దగ్గర కొన్ని లేచిపోతాయి, అంతే. దీనికి 27 నుంచి 30 డిగ్రీల వేడి ఇష్టం. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళలో నియాన్ టెట్రాలు వేడికి అల్లాడుతుంటే ర్యామ్ మాత్రం రంగు తేలి తిరుగుతుంది. అందుకే దీని పక్కన నియాన్ బదులు కార్డినల్ వేయమంటాను, అది వేడి తట్టుకుంటుంది. అడుగున చేప కావాలంటే స్టెర్బై కోరీ. మొక్కల్లో అమెజాన్ స్వోర్డ్, ఆనుబియాస్, వాలిస్నేరియా ఆ వేడికి నిలబడతాయి.

ఇన్ని మంచి మాటలు చెప్పాక చెడ్డ మాట కూడా చెప్పాలి. ర్యామ్‌కి మెత్తటి నీళ్ళు కావాలి. మీ బోరు నీళ్ళు కుళాయి మీద తెల్ల చారలు కట్టేవైతే ఆర్వో నీళ్ళు కలపాల్సిందే. కొత్త ట్యాంకులో మాత్రం వేయకండి. ఫిల్టర్‌లో చేపల మలినాలను శుద్ధి చేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది. ర్యామ్ కోసం నేనైతే ఇంకో రెండు నెలలు ఆగుతాను. షాపులో మరీ మిలమిలలాడే చిన్న ర్యామ్‌లను చూసి మోసపోకండి, రంగు కోసం హార్మోన్లు పెట్టినవీ ఉంటాయి. అంత ఓపిక లేదంటే బొలీవియన్ ర్యామ్ దొరుకుతుందేమో అడగండి. రంగు తక్కువ, తట్టుకునే మొండితనం ఎక్కువ.

ఏంజెల్ చేప ఆకు మీద గుడ్లు పెట్టే రకం. వెడల్పాటి స్వోర్డ్ ఆకు, లేకపోతే ఫిల్టర్ పైపు, అదీ లేకపోతే గాజు. నేల తవ్వదు కాబట్టి మొక్కల ట్యాంకుకి ఇంతకంటే బుద్ధిమంతురాలు లేదు. కానీ దీనికి పొడవు కంటే ఎత్తు ముఖ్యం, కనీసం 18 అంగుళాలు. నియాన్‌లను మాత్రం కలపొద్దు, పెద్ద ఏంజెల్ వాటిని రాత్రి భోజనం చేసేస్తుంది. కాస్త పెద్దవి, రమ్మీనోస్ టెట్రాల లాంటివి నయం. టైగర్ బార్బ్ అసలు వద్దు, అది ఏంజెల్ పొడవాటి రెక్కల్ని కొరుకుతుంది. ఐదారు పిల్లల్ని కొని, జంట కుదిరాక మిగతావాటిని వేరే చోటికి పంపడం పాత పద్ధతి, అదే మంచి పద్ధతి. డిస్కస్ చేప గురించి అడుగుతారని తెలుసు. వేడి నీళ్ళు, తరచూ నీళ్ళు మార్చడం, ఖర్చు... మొదటి ట్యాంకుకి వద్దు.

మన దేశానికి సొంత సిక్లిడ్లు లేవా అంటే, ఉన్నాయి. కేరళ వాళ్ళు కరిమీన్ అని ఇష్టంగా వేయించుకు తినేది సిక్లిడే. దాని చిన్న చుట్టం ఆరెంజ్ క్రోమైడ్ అక్వేరియానికి సరిపోయే సైజే కానీ ఉప్పు కలిసిన నీళ్ళకు అలవాటుపడిన చేప, మొక్కలకూ ఆ ఉప్పుకూ పొసగదు.

[తెర మీద: మళ్ళీ అదే ట్యాంక్. ఇప్పుడు టెట్రాలు లేవు.]

టెట్రాలను అదే రోజు సాయంత్రం మా పెద్ద ట్యాంకులోకి మార్చాను. వారం దాటాక, ఒక పొద్దున కొబ్బరి చిప్పలోంచి తల్లి బయటికొచ్చింది. దాని పొట్ట కింద దుమ్ములా ఏదో కదులుతోంది. దగ్గరికెళ్ళి చూశాను. దుమ్ము కాదు, దుమ్ముకి కళ్ళుండవు కదా.