పట్టాల మీద ఒక్క సీటు

అందరికీ నమస్కారం. 1917 అనగానే మనకు పెట్రోగ్రాడ్, లెనిన్, వింటర్ ప్యాలెస్ గుర్తొస్తాయి. నేను చెప్పబోయే రష్యా ఎన్నిక మాత్రం చైనా గడ్డ మీద జరిగింది.

పసిఫిక్ తీరంలోని తన రేవు వ్లాదివొస్తోక్‌కి దగ్గర దారి కావాలని రష్యా చక్రవర్తి జార్ ప్రభుత్వం 1896లో చైనాను ఒప్పించి, ఈశాన్య చైనాలోని మంచూరియా మీదుగా చైనీస్ ఈస్టర్న్ రైల్వే వేసింది. పేరుకి అది కంపెనీ. కానీ లైను వెంబడి ఉన్న జోన్‌లో పోలీసులు, కోర్టులు, బడులు, చర్చిలు అన్నీ రష్యన్‌లవే. దాని రాజధాని లాంటిది హార్బిన్. మేనేజర్ జనరల్ హోర్వాత్ అక్కడ ఎంత దర్జాగా పెత్తనం చేశాడంటే, జనం ఆ జోన్‌ని వేళాకోళంగా ‘హోర్వాత్ సుఖరాజ్యం’ అనేవారు.

జార్ దిగిపోయాక రాజ్యాంగ సభకు ఎన్నికలు వచ్చాయి. రైల్వే జోన్‌ని ఒక నియోజకవర్గం చేసి, ఒక్క సీటు ఇచ్చారు. నియోజకవర్గమంటే ఊళ్లూ తాలూకాలూ అనుకునే మనకు, రైలు పట్టాలే నియోజకవర్గం కావడం తమాషాగా అనిపిస్తుంది. పోలింగ్ నవంబర్ 12 అని ప్రకటించారు. అది రష్యన్‌ల పాత క్యాలెండర్ లెక్క. 1912లోనే కొత్త క్యాలెండర్‌కి మారిన చైనా లెక్కలో అది నవంబర్ 25. ఓటరు తనకు నచ్చిన పార్టీ జాబితాను కవరులో పెట్టి అప్పగించాలి. ఆడవాళ్లకూ ఓటుంది. అప్పటికి బ్రిటన్‌లో ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు ఇంకా రాలేదు.

ఓటు లేనిది ఎవరికయ్యా అంటే, ఆ లైను మీద ఒళ్లు వంచిన చైనా కూలీలకు. నేల వాళ్లది, చెమట వాళ్లది, ఓటు మాత్రం రష్యా పౌరులకే.

గెలిచింది మెన్షెవిక్ పార్టీ, అంటే లెనిన్‌తో విడిపోయిన మెతక సోషలిస్టుల అభ్యర్థి స్త్రెల్కోవ్. రష్యా అంతటా ఎస్సార్‌లు (సోషలిస్టు రివల్యూషనరీ పార్టీ వాళ్లు) ముందుంటే, జార్జియా వైపు తప్ప మెన్షెవిక్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. మరి ఇక్కడెలా గెలిచారు? నా అంచనా ఇది: ఎస్సార్‌ల బలమంతా రైతులు, జోన్‌లో ఉన్నది వర్క్‌షాపు కార్మికులు, గుమాస్తాలు, టెలిగ్రాఫ్ వాళ్లు. నెల జీతం, క్వార్టర్స్ ఉన్నవాళ్లకు మార్పు కావాలి, అల్లకల్లోలం అక్కర్లేదు. అక్కడి సైనికుల్లో మాత్రం లెనిన్ పార్టీ అయిన బోల్షెవిక్‌ల గాలి గట్టిగానే వీచింది.

స్త్రెల్కోవ్ ఎన్నికైన ఆ సభ 1918 జనవరిలో ఒక్కసారి కూర్చుంది. మర్నాడే బోల్షెవిక్‌లు దాన్ని రద్దు చేశారు. హార్బిన్‌లో వ్యవహారం అంతకుముందే తేలిపోయింది. 1917 డిసెంబర్‌లో బోల్షెవిక్ ర్యూతిన్ నాయకత్వంలోని సోవియట్ (కార్మికుల, సైనికుల మండలి), ఇక అధికారం తనదేనంది. చైనా సైన్యం దిగి, బోల్షెవిక్ సైనికుల తుపాకులు లాక్కుని, వాళ్లను రష్యాకు సాగనంపింది. ఈ ర్యూతినే 1932లో స్టాలిన్‌ని ఎదిరిస్తూ పత్రం రాశాడు, 1937లో అతన్ని కాల్చేశారు.

ఎవరూ ఓటెయ్యని హోర్వాత్ మాత్రం అప్పటికి తన కుర్చీలోనే ఉన్నాడు, చైనా తుపాకుల పుణ్యమా అని.